శంషాబాదు, బేగంపేట, బీదరు: ఆకాశపు పంపకములో కర్షకుని మాట

విమానముల రాకపోకలను గూర్చి కర్షకుల పత్రికలో వ్రాయుట కొందఱు సభ్యులకు వింతగా తోచవచ్చును. జామతోటకును విమానమునకును సంబంధమేమని అడుగువారుందురు. సంబంధము కలదు. విమానాశ్రయము వెలయుటకు మొట్టమొదట కావలసినది భూమి. ఆ భూమి ప్రాయికముగా ఎవరో ఒకరు దున్నుకొని బ్రతుకుచున్న భూమియే. అంతియేగాక, ఒక మహానగరమునకు రెండో మూడో విమానాశ్రయములున్నప్పుడు ఏ విమానము ఎచ్చట దిగవలయునను నిర్ణయముమీద దూరదేశములకు పోవు సరకు కూలియు, గల్ఫు దేశములకు పనికై పోవు మన పల్లె యువకుని దారిఖర్చును ఆధారపడి యుండును. ఈ నిర్ణయములు మనలను అడుగకయే జరుగుచున్నవి. కావున ఈ విషయమును సంఘసభ్యుల యెదుట పెట్టుట యవసరమని తలచితిమి.

కోహీరునుండి చూచినచో పరిస్థితి యిట్లున్నది. శంషాబాదు విమానాశ్రయము మనకు ఆగ్నేయముగా గగనదూరమున రమారమి 85 కిలోమీటర్లు. బాటవెంట పోయిన నూఱు దాటును. బీదరు విమానాశ్రయము వాయవ్యముగా గగనదూరమున 40 కిలోమీటర్లకు కొంచెము పైగా నున్నది. అనగా శంషాబాదు దూరములో సగమే. వికారాబాదునుండి బీదరునకు పోవు రైలుమార్గము మీదనే మన కోహీర్ దక్కన్ స్టేషను గలదు. ఇక నగరమునంటి యున్నవి మూడు: బేగంపేట, హకీంపేట, దుండిగల్. వీనిలో కడపటి రెండును వాయుసేనవారివి. బేగంపేటలో ప్రభుత్వాధినేతల విమానములు, సైనిక విమానములు, శిక్షణ విమానములు దిగుచుండును గాని టిక్కెట్టు కొని యెక్కు ప్రయాణికునకు అచ్చట చోటు లేదు. ఇన్ని మైదానములుండియు సామాన్యుని రాకపోక యంతయు ఒక్క శంషాబాదుననే జరుగుచున్నది.

పూర్వమిట్లు గాదు. నిజాము ప్రభుత్వకాలమున 1930వ దశాబ్దిలో బేగంపేట మైదానము వెలసెను. 1945లో నిజాము రైల్వేవారును టాటా వారును కలసి దక్కన్ ఎయిర్వేస్ అను కంపెనీని స్థాపించిరి. 1953లో దేశములోని విమాన కంపెనీలను జాతీయము చేసినప్పుడు అదియు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలసిపోయెను. నగరము పెరిగి బేగంపేటను నలుప్రక్కల చుట్టుకొనెను. రన్‌వే పొడిగింపవలెనన్నను, రెండవది వేయవలెనన్నను ఇండ్లు అడ్డమయ్యెను. నగరమునకు వెలుపల క్రొత్త విమానాశ్రయము కావలెననుట అప్పటికి న్యాయమైన మాటయే. 2004 డిసెంబరులో కేంద్రప్రభుత్వమునకును, జి.ఎం.ఆర్. వారి కంపెనీకిని ఒప్పందము కుదిరెను. రమారమి 5,500 ఎకరములు సేకరింపబడెను. 2008 మార్చి 23న శంషాబాదులో విమానములు దిగ నారంభించెను. దానితోనే బేగంపేట ద్వారము ప్రజాప్రయాణికులకు మూయబడెను. అది మూయవలదని విమానాశ్రయ ప్రాధికార సంస్థ ఉద్యోగులు ఆ మాసములోనే సమ్మె చేసిరి గాని ఫలితము లేకపోయెను. బెంగుళూరులోను అదే సంవత్సరము మే నెలలో పాత హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయమునకు అట్టి గతియే పట్టెను.

ఆ ఒప్పందములో మనకు ముఖ్యమైన షరతు ఒకటి గలదు. శంషాబాదునకు గగనదూరమున 150 కిలోమీటర్ల లోపల మఱొక అంతర్జాతీయ విమానాశ్రయమును క్రొత్తగా కట్టుటకుగాని, ఉన్నదానిని ఆ స్థాయికి పెంచుటకుగాని 25 సంవత్సరముల వఱకు కేంద్రము అనుమతి యీయరాదు. ఆ గడువు 2033 మార్చితో తీరును. అంతర్జాతీయమునకే గదా యీ షరతు అందురేమో! ఆచరణములో స్వదేశపు చిన్న విమానములు దిగు చోట్లకును దీని నీడ సోకినది. ఓరుగల్లు దగ్గఱి మామునూరు మైదానమునకు మరల జీవము పోయుటకై శంషాబాదు కంపెనీవారి సమ్మతి పొందవలసి వచ్చెను. ఆ సమ్మతి లభించిన మీదటనే 2025 ఫిబ్రవరిలో కేంద్రము అనుమతి నిచ్చెను. మామునూరు నిజాము కాలముననే పుట్టినది. 1981లో విమానములు ఆగిపోయినవి. నలువదేండ్లకు పైగా మూతబడిన చోటును తెఱచుటకు ప్రభుత్వము కంపెనీ మాట వినవలసి వచ్చినదన్నమాట.

షరతు కేవలము దుర్బుద్ధితో వ్రాయబడినదని మేమనము. ఎడారివంటి చోట వేలకోట్లు వెచ్చించి రన్‌వే వేయువానికి, ప్రయాణికులు రెండుచోట్లకు చీలిపోయినచో అప్పు తీర్చు దారి యుండదను భయము సహజమే. క్రొత్తగా త్రవ్విన బావికి ప్రక్కనే మఱొక బావి త్రవ్విన నీరు రెంటికిని చాలదు. అందుచేతనే మొదటివానికి కొంత రక్షణ యిచ్చిరి. తొలుత ఏటికి ఒక కోటి యిరువది లక్షల మందికై కట్టబడిన యా విమానాశ్రయము ఇప్పుడు మూడు కోట్ల నలువది లక్షల మందికి సరిపోవునట్లు పెంచబడినది. 2023-24లో రెండున్నర కోట్ల మంది దానిగుండ పోయి వచ్చిరి. బాలారిష్టములు దాటి యెన్నడో బలిసిన బిడ్డకు ఇంకను పాలసీసా పట్టుచుండుటయే మేము ప్రశ్నించునది. పోటీ లేనిచోట రుసుము ఇష్టానుసారము పెరుగకుండ చూచుటకే 2008లో చట్టముచేసి విమానాశ్రయముల ఆర్థిక నియంత్రణ సంస్థ నొకదానిని ప్రభుత్వము పెట్టవలసి వచ్చెను. అయినను టిక్కెట్టుపై వేయు అభివృద్ధి రుసుము పెరుగుచునే యున్నది. దుబాయికి కూలిపనికై పోవువాడును, వ్యాపారమునకై పోవు ధనికుడును ఆ రుసుమును సమానముగనే చెల్లించుచున్నారు.

షరతులో మఱొక లోపము దాని గుండ్రతనము. శంషాబాదున వృత్తలేఖిని మొన గ్రుచ్చి 150 కిలోమీటర్ల చుట్టు గీసిరి. ఆ చుట్టులో ఏ వాగులున్నవి, ఏ బాటలున్నవి, ఎవరు ఏ సంతకు పోవుదురు అను విచారణ అందులో లేదు. బీదరు అట్లే ఆ చుట్టులో చిక్కుకొన్నది.

బీదరు సంగతి కొంచెము వివరముగా చెప్పవలెను, అది మన యింటి సంగతి గనుక. జహీరాబాదు తాలూకా 1956 నవంబరు 1వ తేదీ వఱకు బీదరు జిల్లాలోనిదే. రాష్ట్రముల పునర్విభజనలో మనము మెదకు జిల్లాలో చేరితిమి, బీదరు మైసూరు రాష్ట్రమున చేరెను. మన పెద్దలు కచేరీపనులకు బీదరు పోయినవారే. ఇప్పటికిని బంధుత్వములు, సంతలు, వైద్యము ఆ దిక్కున తెగలేదు. బీదరులో వాయుసేనవారి శిక్షణకేంద్రము, నిడుపైన రన్‌వే యున్నవి. దానిప్రక్కన పౌరవిమానముల కొఱకు ఒక టెర్మినలు కట్టబడెను. కట్టబడి పదేండ్లకు పైగా వ్యర్థముగా పడియుండెను. షరతును చూపి శంషాబాదు కంపెనీవారు అభ్యంతరము తెలిపిరి. తుదకు 2019లో ఆ టెర్మినలును నడుపు పనియు ఆ కంపెనీవారికే దక్కెను! 2020 ఫిబ్రవరి 7న ద్వారము తెఱచి ఉడాన్ పథకము క్రింద బెంగుళూరునకు ట్రూజెట్ విమానమును నడపిరి. రెండు నెలలు గడువకమునుపే కరోనా వచ్చి దేశములోని విమానములన్నియు నిలిచిపోయెను. ఆ ట్రూజెట్ కంపెనీ 2022 ఫిబ్రవరిలో పూర్తిగా పని మానెను. పిదప స్టార్ ఎయిర్ వారు వచ్చి కొంతకాలము నడపి విరమించి, 2025లో మరల ఆరంభించిరి.

దీనిని చూచి, బీదరునకు ప్రయాణికులు లేరు గనుక అచ్చట విమానములు నిలువవని చెప్పువారున్నారు. ఈ తీర్పు తొందరపాటు. ఉడాన్ పథకములో ఒక మార్గమునకు ప్రభుత్వ సహాయము మూడేండ్ల కొఱకే. ఒక్క బెంగుళూరునకు, రోజునకు ఒక్క విమానముగాని అంతకు తక్కువగాని నడపి ఊరు అలవాటు పడవలెననుట, ఒక్క దుక్కి దున్ని పంట రాలేదనుట వంటిది. జహీరాబాదు, నారాయణఖేడు, జోగిపేట ప్రాంతముల ప్రజను బీదరు ప్రయాణికులలో లెక్కించినవా రెవరు? రాష్ట్రసరిహద్దు కాగితముపై గీయబడినది. కర్ణాటక ప్రభుత్వము తన జిల్లాను లెక్కించును, తెలంగాణ ప్రభుత్వము తన నగరమును లెక్కించును, నడుమనున్న మనము ఏ లెక్కలోను పడము.

అయితే సభ్యులు లేనిపోని యాశలు పెట్టుకొనకుండుటకై కొన్ని నిజములను దాచక చెప్పవలెను. కోహీరు జామకాయ హైదరాబాదు నగరమునకు విమానమున పోదు. తెల్లవాఱకముందే లారీలో పోవును, పోవలెను. చెఱకునకు, ఆలుగడ్డకు, అల్లమునకును అంతే. విమానపు కూలి భరింపగలిగినది త్వరగా చెడిపోవునదియు, తూకమునకు మించిన వెల పలుకునదియు అయిన సరకు మాత్రమే; మన సరకులలో మేలైన జామ గల్ఫు నగరముల అంగళ్లకు చేరినప్పుడు అట్టి వెల పలుకవచ్చును. పండిన జామ మామూలు వేడిమిలో వారము దినములైనను నిలువదు. ఓడలో పంపుటకు వీలులేనిచోట విమానమే గతి. కాని సరకును మోసికొనిపోవునది చాలమట్టుకు ప్రయాణికుల విమానపు కడుపుననున్న గిడ్డంగియే. సరకుకొఱకే వచ్చు విమానములు కొన్నియే. దుబాయికి, దోహాకు పోవు పెద్ద విమానముల కడుపులో టన్నులకొలది పట్టును. బీదరునకు వచ్చిన విమానములు డెబ్బది యెనుబదిమందిని మోయు చిన్నవి. ప్రయాణికుల పెట్టెలు పోగా జామబుట్టలకు మిగులు చోటు కొంచెమే. కావున రేపు బీదరులో విమానములు పదిరెట్లైనను, ఎగుమతిసరకు శంషాబాదు బాటనే పట్టును. అచ్చట సరకు టెర్మినలు, శీతలగిడ్డంగులు, తనిఖీచేయు అధికారులు ఉన్నారు. అవి లేని విమానాశ్రయము ఎంత దగ్గఱనున్నను రైతునకు దూరమే.

ఇందునుండి తేలునదేమి? రాకపోకలను పంచునప్పుడు అన్నిటిని అన్నిచోట్లకు చిలుకరించుట మేలు గాదు. పెద్ద విమానములు, విదేశపు సరకు ఒక్కచోట కూడియుండుట రైతునకును లాభము. విమానముల సంఖ్య హెచ్చిన కొలది కూలి తగ్గును, వేళలు అనుకూలించును. బెంగుళూరు, ముంబై, ఢిల్లీలకు పోవు చిన్న ప్రయాణములను మాత్రము ప్రజకు దగ్గఱగానున్న మైదానమునకు వదలవచ్చును. అట్లు వదలిన శంషాబాదుపై భారము తగ్గును. ఇది శంషాబాదునకును బీదరునకును వైరము గాదు. ఒకే చెఱువునకు రెండు తూములుంచుట. చెఱువు కట్టించినవాడు రెండవ తూము తెఱువరాదని పట్టుపట్టిన ఆయకట్టు రైతు లూరకుందురా?

ఆకాశములోను చోటు అపరిమితము గాదను సంగతిని మఱువరాదు. బయలు కనబడుచున్నదిగదా యని తలచెదము గాని, దిగు విమానమునకును ఎగురు విమానమునకును నియతమైన త్రోవలుండును. దగ్గఱగానున్న రెండు మైదానముల త్రోవలు ఒకదాని కొకటి అడ్డుపడును. హైదరాబాదు చుట్టును హకీంపేట, దుండిగల్ శిక్షణవిమానములు తిరుగు గగనభాగము వాయుసేనవారి యధీనమున నుండును. బీదరులోను సైనికశిక్షణ వేళలు పోగా మిగిలిన వేళలలోనే పౌరవిమానము దిగవలెను. అందుచేత పంపకము కంపెనీయు, కేంద్రప్రభుత్వమును మాత్రము కూర్చుండి తీర్చుకొను వ్యవహారము గాదు. వాయుసేనయు, రెండు రాష్ట్రప్రభుత్వములును అందులో చేరవలెను. ఢిల్లీ దగ్గఱి హిండన్ వాయుసేన మైదానములో 2019నుండి పౌరవిమానములు దిగుచున్నవి. అచ్చటను 150 కిలోమీటర్ల చుట్టు గలదు. అయినను కూర్చుండి మాటలాడుకొనగా దారి దొరికెను. గోవాలో 2023 జనవరిలో మోపా విమానాశ్రయము తెఱవబడినప్పుడు పాత దబోలిమును మూయక రెంటిని సాగనిచ్చిరి. ముంబైలో 2025 డిసెంబరునుండి నవీముంబై పాతదానితో కలసి పనిచేయ నారంభించినది. అనగా రెండు మైదానములుండుట మన దేశమున అపచారమేమియు గాదు.

పంపకము వంకరగా జరిగిన రైతున కెంత చేటో కెనడా దేశపు మాంట్రియల్ నగరము చెప్పును. ఆ నగరమునకు డోర్వాల్ అను విమానాశ్రయ ముండెను. అది చాలదని తలచి ప్రభుత్వము 1969లో నగరమునకు దూరమున మిరాబెల్ అనుచోట రమారమి 97,000 ఎకరముల సేద్యపు భూమిని రైతులనుండి తీసికొనెను. శంషాబాదు వంటివి పదునేడు పట్టు విస్తీర్ణమది! 1975లో విమానములు దిగ మొదలిడెను. అప్పుడు జరిగిన పంపకము చూడుడు: విదేశముల విమానములు మిరాబెల్ నందే దిగవలెను, స్వదేశపు విమానములు డోర్వాల్ నందే యుండవలెను. ఒక విమానము దిగి మఱొకటి యెక్కవలసిన ప్రయాణికుడు మూటలు మోసికొని ఈ చివరనుండి ఆ చివరకు బస్సులో పోవలసి వచ్చెను. వేయుదుమన్న రైలు వేయలేదు. ప్రయాణికులు విసిగి టొరాంటో దారి పట్టిరి. 1997లో విదేశపు విమానములను మరల డోర్వాల్‌నకు రానిచ్చిరి. 2004లో మిరాబెల్‌నుండి కడపటి ప్రయాణికుల విమానము పోయెను. 2014లో ఆ టెర్మినలును పడగొట్ట నారంభించిరి. తీసికొన్న భూమిలో అధికభాగము అనవసరమని తేలి క్రమముగా రైతులకు తిరిగి అమ్మిరి. అమ్మిరి అను మాటను గమనింపుడు. తన పొలమును తాను మరల కొనుక్కొనువఱకు ఒక తరము గతించినది.

జపానులో సన్రిజుకా రైతుల కథ ఇంతకంటె కఠినము. టోక్యో నగరపు హనెడా విమానాశ్రయము చాలదని 1966లో వారి పొలములను నరితా విమానాశ్రయమునకై యెన్నుకొనిరి. రైతులు ఏండ్లకొలది పోరాడిరి, రక్తపాతము జరిగెను, 1978లో గాని అది తెఱవబడలేదు. మఱి 2010నుండి హనెడాలోనే మరల విదేశపు విమానములు క్రమముగా దిగుచున్నవి.

మన ప్రాంతమునకు భూసేకరణ క్రొత్త గాదు. జహీరాబాదు నిమ్జు పారిశ్రామిక మండలమునకై న్యాలకల్, ఝరాసంగము మండలములలో 12,000 ఎకరములకు పైగా గుర్తించిరి. అచ్చటి రైతు సోదరులు పడిన కష్టము మన కండ్లయెదుటిదే. రేపు శంషాబాదు నిండినదని చెప్పి నగరమునకు పడమట మఱొక క్రొత్త విమానాశ్రయము కావలెనని యెవరైన పటము పఱచినచో, ఆ పటములో రంగువేయు చోటు ఎవరి పొలమగునో ఊహించుట కష్టము గాదు. దేశములో ఇట్టి యాలోచనలు పుట్టుటకు ఎన్నో యేండ్లు పట్టదు. విశాఖపట్టణమునకు భోగాపురములో క్రొత్త విమానాశ్రయపు శంకుస్థాపన 2023లో జరిగినది. దాని భూమికై ఆ ప్రాంతపు రైతులు అంతకు చాల ముందునుండియే వాదములాడవలసి వచ్చెను.

ఈ సందర్భమున బేగంపేటను మరల తెఱువవలెనని కొందఱు నగరవాసు లనుచుందురు. ఆ మాట మాకు రుచింపదు. ఆ మైదానము చుట్టును ఇండ్లు క్రిక్కిఱిసి యున్నవి. ప్రమాదము జరిగినచో నష్టము ఘోరము. పైగా మనకు దానివలన లాభము లేదు. పటాన్‌చెరువు దగ్గఱ బాహ్యవలయ రహదారి నెక్కిన నగరములో దూఱకయే శంషాబాదు చేరుచున్నాము. బేగంపేటకు పోవలెనన్న ఊరిలోపలి రద్దీలో పడి ప్రాకవలెను. బేగంపేట నగరవాసి సౌకర్యపు ప్రశ్న. మన ప్రశ్న బీదరు.

కావున ఈ క్రింది విషయములను రాబోవు మహాజనసభలో చర్చించి తీర్మానము చేయవలసినదని సభ్యులకు మా సూచన. 2033లో గడువు తీరినపిదప ఆ షరతును ఏ రూపమునను పొడిగింపరాదు. పొడిగింపవలెనని కంపెనీ కోరినచో ఆ కోరికను రహస్యముగా గాక గ్రామసభలకు తెలిపి, అభిప్రాయములు వినిన పిదపనే కేంద్రము నిర్ణయింపవలెను. అంతవఱకును బీదరు ప్రయాణికుల లెక్కలో జహీరాబాదు ప్రాంతమును చేర్చి, తెలంగాణ కర్ణాటక ప్రభుత్వములు కలసి అచ్చటి విమానముల వేళలను, మార్గములను కోరవలెను. రెండు ప్రభుత్వములును తమ వంతు ధనసహాయమును పంచుకొనిన, ఒక కంపెనీ మానివేయగనే ద్వారము మూతబడు దుర్దశ తప్పును. శంషాబాదులో మన సరకునకు తావుండవలెనన్న, జహీరాబాదులోనే జామకు శీతలీకరణము, గ్రేడింగు, తనిఖీ పత్రములు ఇచ్చు కేంద్రము వెలయవలెను. అట్లయిన మన బుట్ట విమానాశ్రయమున నిరీక్షింపక తిన్నగా విమానమెక్కును. అన్నిటికంటె ముఖ్యముగా, ఉన్న రన్‌వేలను నిండుగా వాడుకొనకముందు హైదరాబాదు చుట్టుప్రక్కల క్రొత్త విమానాశ్రయమునకై ఒక్క ఎకరము సాగుభూమినైనను సేకరింపబోమని ప్రభుత్వము వ్రాతమూలముగా మాట యీయవలెను.

తీర్మానమునకు బలము లెక్కలవలన వచ్చును. ఈ కారణముచేత సభకు వచ్చు సభ్యులు తమ గ్రామమునుండి గడచిన సంవత్సరములో విమానప్రయాణము చేసినవా రెందఱో, వారు ఏ యూరికి పోయిరో, విదేశమునకు పంపదగిన జామ ఎన్ని బుట్టలు పండినదో వ్రాసికొని రాగోరుచున్నాము. ఆ లెక్కలను కూర్చి జిల్లా కలెక్టరుగారికిని, పార్లమెంటు సభ్యులవారికిని, పౌరవిమానయాన మంత్రిత్వశాఖకును తీర్మానముతో జతపఱచి పంపవచ్చును. అదే ప్రతిని బీదరు జిల్లా సహకారసంఘములకును పంపి వారి సమ్మతిని కోరవచ్చును.